ఇంటర్వెల్‌లో పిల్లలు బాగా ఆడాలి, గొడవలు తగ్గాలి: స్కూలు సిబ్బంది శిక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగు ఆయమ్మలు, తెలుగు టీచర్లు ఎక్కువగా పనిచేసే స్కూళ్లు చాలా ఉన్నాయి. ఇంటర్వెల్‌లో, లంచ్ బ్రేక్‌లో పిల్లలను చూసుకునేవాళ్లకు మేం శిక్షణ ఇచ్చేటప్పుడు ప్రిన్సిపాళ్లు, టీచర్లు, ఆయమ్మలు, తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. గొడవల గురించి, శిక్షల గురించి మాత్రం వివరంగా చెప్పక తప్పదు.

ఆడుకోవడం పిల్లలకు ఒకరు నేర్పాలా? దానికి సిబ్బందికి శిక్షణ ఎందుకు?

వీధిలో పెద్ద పిల్లలు ఆడుతుంటే చిన్నవాళ్లు చూసి నేర్చుకున్న రోజుల్లో ఈ అవసరం ఉండేది కాదు. ఇప్పుడు మారతహళ్ళిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే పిల్లవాడు పొద్దున ఏడింటికే వ్యాన్ ఎక్కుతాడు. ట్రాఫిక్ దాటుకుని ఇంటికి చేరేసరికి సాయంత్రం. ఆపైన ట్యూషన్. కె.ఆర్.పురం సందుల్లో ఉండే పిల్లకు ఇంటి ముందు ఆడుకోవాలంటే బండ్లకు దారివ్వడంతోనే సరిపోతుంది. ఈ ఇద్దరికీ తమ వయసు పిల్లలు పదిమంది ఒకేచోట దొరికేది స్కూల్లోనే, అదీ బ్రేక్‌లోనే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పీటీ పీరియడ్ వారానికి ఒకటో రెండో ఉంటుంది. కాబట్టి ఈ గంటలో పెద్ద భాగం బ్రేక్‌లోనే రావాలి.

ఆ సమయంలో గ్రౌండ్‌లో నిలబడే పెద్దవాళ్లకు మనం చెప్పే మాట సాధారణంగా ఒక్కటే: ఎవరికీ దెబ్బ తగలకుండా చూడండి. అంతే చెబితే వాళ్లు చేయగలిగిందీ ఒక్కటే. "పరిగెత్తొద్దు", "కూర్చో", "బాల్ ఇటివ్వు" అంటారు. పిల్లలు కూర్చోరు. పరిగెత్తడం కుదరకపోతే వరండాలో తోసుకుంటారు, నీళ్ల కుళాయి దగ్గర కొట్టుకుంటారు. మా అనుభవంలో అల్లరిలో ఎక్కువ భాగం ఏం ఆడాలో తోచని పిల్లల నుంచే వస్తుంది. ఆట బాగా కుదిరిన చోట కేకలేయాల్సిన పని చాలా తగ్గిపోతుంది. ఆటను కుదర్చడం పెద్దవాళ్లు నేర్చుకోగలిగిన పని, అందుకే శిక్షణ.

శిక్షణ ఎవరెవరికి? పీటీ సార్‌కి ఒక్కరికి సరిపోదా?

సరిపోదు. పీటీ సార్ ఒక్కరే ఉంటారు, బ్రేక్ అందరికీ ఒకేసారి వస్తుంది. పైగా చాలా స్కూళ్లలో ఆ సమయానికి ఆయన ఏదో టోర్నమెంట్ టీమ్‌తో ఉంటారు.

ముందు ఆయమ్మలకు ఇవ్వండి. పిల్లల పక్కన నిజంగా ఉండేది వాళ్లే. టీచర్లు వంతులవారీగా వస్తారు, వాళ్లూ అన్నం తినాలి కదా. ఏ పిల్ల ఎవరితో మాట్లాడటం మానేసింది, ఏ పిల్లవాడు డబ్బా తెరవకుండా పట్టుకు తిరుగుతున్నాడు, ఇవి క్లాస్ టీచర్ కన్నా ముందు ఆయమ్మకు తెలుస్తాయి. అయినా ఆమెను ఎవరూ అడగరు. కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఆయమ్మల్లో చాలామంది చిన్నప్పుడు ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి కడుపునిండా ఆడినవాళ్లే. శిక్షణలో వాళ్లు టీచర్లకు ఆటలు నేర్పడం మేం ప్రతిసారీ చూస్తాం.

ఆ తర్వాత డ్యూటీ టీచర్లు, పీటీ సార్. వాచ్‌మన్, వ్యాన్ డ్రైవర్లకు కూడా కాసేపు చెప్పాలి. ఎందుకో కింద చోటు గురించిన ప్రశ్నలో ఉంది.

శిక్షణ ఎంతసేపు? ఎలా ఉంటుంది?

రెండు శనివారాలు, పూటకు మూడేసి గంటలు. మధ్యలో ఒక వారం గ్రౌండ్‌లో చేసి చూడటం. గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద చూపిస్తే ఏమీ మిగలదు. గ్రౌండ్‌లోకి వెళ్లి పెద్దవాళ్లే రెండు టీములుగా ఆడాలి. ఆడుతున్నప్పుడు ఎవరో ఒకరు తొండి చేస్తారు, ఇంకొకరు అలుగుతారు, ఎవరినీ ఏ టీమూ కోరుకోదు. పిల్లలకు ఎలా ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది.

రెండు షరతులు మాత్రం పెట్టుకోండి. శిక్షణ ఆయమ్మలకు వచ్చిన భాషలో, తెలుగులోనో కన్నడలోనో జరగాలి. స్కూలు వేళ దాటి ఉంచితే ఆ గంటలకు డబ్బు ఇవ్వాలి. ఇంట్లో వంట, పిల్లలు, రెండు బస్సులు మారే దూరం పెట్టుకున్న మనిషిని ఊరికే ఉండమంటే ఆమె మనసు పాఠం మీద ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు.

గ్రౌండ్‌లో డ్యూటీ అంటే అసలు ఏం చేయాలి?

గోడకు ఆనుకుని ఒకచోట నిలబడితే అది డ్యూటీ కాదు. ఇద్దరు టీచర్లు ఒకేచోట నిలబడి మాట్లాడుకుంటే ఇంకా కాదు. నడుస్తూ ఉండాలి, అదీ రోజూ ఒకే దారిలో కాకుండా. నడుస్తున్నంతసేపూ దూరంగా ఉన్న మూలల మీద కన్నుండాలి, ఎందుకంటే దగ్గర ఉన్న పిల్లలు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు. రెండు మూడు నిమిషాలకోసారి ఎవరో ఒకరితో ఒక మాట మాట్లాడాలి. "నీ దెబ్బ భలే తగిలిందిరా, ఒక్కసారికే పెంకులన్నీ పడ్డాయి" అంటే చాలు, ఆ పిల్లవాడికి ఆ రోజు గుర్తుండిపోతుంది. ఫోన్ జేబులోనే ఉండాలి.

ప్రతి నలభై మందికి ఒకరు ఉంటే కుదురుతుంది, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఇంకా ఎక్కువమంది కావాలి. ఒక్కొక్కరికీ ఒక భాగం అప్పగించండి. అందరూ అంతా చూడాలంటే ఎవరూ ఏదీ చూడరు.

మాట తీరు కూడా నేర్చుకోవాలి. "పరిగెత్తొద్దు" అనే బదులు "మెట్ల దగ్గర నడువు, గీత దాటాక పరిగెత్తు" అనండి. ఏం చేయకూడదో చెప్పి వదిలేస్తే పిల్లవాడికి ఏం చేయాలో తెలియదు.

మా స్కూలుకు గ్రౌండే లేదు. ఉన్నది పార్కింగ్, ఒక టెర్రస్. ఏం చేయగలం?

2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ప్రతి స్కూలుకూ ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ కావాల్సిన ఆట వస్తువులు ఇవ్వాలని ఉంది. అది మేనేజ్‌మెంట్ తీర్చాల్సిన బాధ్యత. అది తీరేదాకా ఈ రోజు పిల్లలు ఆడకుండా ఉండలేరు కాబట్టి, ఉన్న చోటుతో ఏం చేయాలో చూద్దాం.

మొదట వేళలు విడదీయండి. 1, 2 తరగతులకు ఒక వేళ, 3 నుంచి 5 వరకు ఇంకో వేళ, పై తరగతులకు మరో వేళ. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు కొంచెం విసుక్కుంటారు. కానీ చిన్న చోట ఆరేళ్ల పిల్లల మధ్యకు పదమూడేళ్ల పిల్లవాడు దూసుకొస్తేనే ఎక్కువ దెబ్బలు తగులుతాయి.

తర్వాత చోటును గీతలతో భాగాలు చేయండి. బాల్ ఆట ఒకవైపు, పరుగు ఒకవైపు, తొక్కుడుబిళ్ళ, తాడు ఆట, గచ్చకాయలు ఇంకోవైపు, ఊరికే కూర్చుని కబుర్లాడుకోవాలనుకునే పిల్లలకు నీడలో ఒక మూల. మొదటి రోజే పెయింట్ వేయించకండి. ముగ్గుపిండితో గీయించండి. ఆయమ్మల చేయి ఇందులో తిరిగి ఉంటుంది. ఒక వారం చూస్తే ఏ గీత ఎక్కడ తప్పుగా ఉందో తెలుస్తుంది, తుడిచి మార్చొచ్చు. కుదిరాక పెయింట్ కొట్టించండి.

పార్కింగ్‌లో ఆడించేటప్పుడు గట్టి నియమం ఒకటుంది. బ్రేక్‌లో ఏ బండీ కదలకూడదు, వ్యాన్ రివర్స్ తీయకూడదు, వాటర్ ట్యాంకర్ లోపలికి రాకూడదు. 2024 మార్చిలో నీళ్ల కరువు వచ్చినప్పటి నుంచీ చాలామందికి ట్యాంకర్ ఎప్పుడొస్తే అప్పుడే గేటు తీయడం అలవాటైంది. వాచ్‌మన్‌కు బ్రేక్ వేళలు రాసిచ్చి, ఆ సమయంలో గేటు తీయవద్దని ప్రిన్సిపాలే స్వయంగా చెప్పాలి. డ్రైవర్లకు కూడా.

టెర్రస్ అయితే చుట్టూ పిల్లలు ఎక్కలేని ఎత్తు గోడ, దానిపైన వల ఉండాలి. అవి లేకపోతే టెర్రస్ వద్దు. గోడ పక్కన కుర్చీ, డ్రమ్ము లాంటివి ఏవీ ఉంచకండి.

ఏ ఆటలు పెడితే ఎక్కువమంది కదులుతారు?

ఆట పేరు కన్నా దాని నియమం ముఖ్యం. ఔటైన వాళ్లు పక్కన కూర్చోవాల్సిన ఆటలో మొదట ఔటయ్యేది ఎవరు? నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు, బరువున్నవాళ్లు, భయపడేవాళ్లు. అంటే ఎక్కువ కదలాల్సిన పిల్లలే ఎక్కువసేపు కూర్చుంటారు. ఖాళీగా కూర్చున్నవాళ్లు కాసేపటికి పక్కవాళ్లను గిల్లడం మొదలుపెడతారు.

దీనికి విరుగుడు మన కబడ్డీలోనే ఉంది. అవతలి టీమ్‌లో ఒకరిని ఔట్ చేస్తే మన టీమ్‌లో ఔటైనవాళ్లు ఒకరు లోపలికి వస్తారు. ఆ నియమాన్ని అన్ని ఆటలకూ పెట్టండి. ముట్టుకునే ఆటలో ఔటైన పిల్ల పక్కకు వెళ్లి పది గుంజిళ్లు తీసి తిరిగి ఆటలోకి రావచ్చు. లేదా స్నేహితురాలు చేయి పట్టి లాగితే మళ్లీ బతికినట్టు. గుంజిళ్లు అందరూ నవ్వుతూ తీసే ఆటలో భాగంగానే ఉండాలి, శిక్షలా అనిపిస్తే వెంటనే గెంతులకు మార్చేయండి.

ఏడు పెంకులాట బెంగళూరులో లగోరి పేరుతో అందరికీ తెలుసు. చిన్న చోట పదిహేనుమంది ఆడొచ్చు, మెత్తటి బాల్ ఉంటే చాలు. నేల-బండ, నాలుగు స్తంభాలాట, కుంటాట, తాడు ఆట బాగుంటాయి. నేల-బండ మాత్రం మెట్ల మీద ఆడనివ్వకండి, రెండు మూడు ఇటుకల ఎత్తున్న అరుగు చాలు. ఖోఖోలో ఒకరు తరుముతుంటే ఎనిమిదిమంది కూర్చునే ఉంటారు. మంచి ఆటే, కానీ బ్రేక్‌లో రెండు చిన్న వరుసలు పెట్టి ఆడిస్తే వంతులు త్వరగా వస్తాయి.

సోమవారం ఒక ఆట, మంగళవారం ఒక ఆట అని పట్టిక వేసి ఆడించాలని కొందరు అడుగుతారు. నేను వద్దంటాను. బ్రేక్ పిల్లలది. ఆయమ్మ ఆట మొదలుపెట్టి, కాసేపు తనూ ఆడి, కుదురుకున్నాక తప్పుకోవాలి. చేరాలనుకున్నవాళ్లు చేరతారు. అందరూ ఒకే ఆట ఆడి తీరాలంటే అది ఇంకో పీరియడ్ అయిపోతుంది.

గ్రౌండ్ మొత్తం పెద్ద అబ్బాయిల క్రికెట్టే. అమ్మాయిలు గోడ పక్కన నిలబడతారు. వాళ్లకు ఇష్టం లేదేమో?

ఇష్టం లేక కాదు, చోటు లేక. పదిమంది ఆడే క్రికెట్‌కు మూడొందలమంది చోటు పోతోంది. క్రికెట్‌ను గ్రౌండ్‌లో ఒక భాగానికి కుదించి, మెత్తటి బాల్‌తో, గీత దాటితే ఔట్ అనే నియమంతో ఆడించండి. మిగతా చోటు ఖాళీ చేసి ఒక వారం చూడండి. అమ్మాయిలు వాళ్లంతట వాళ్లే వస్తారని మాత్రం అనుకోకండి, మొదటి రోజుల్లో ఒక టీచరో ఆయమ్మో ముందు దిగాలి. చీర కొంగు దోపుకుని ఆయమ్మ లగోరి ఆడితే ఆ గోడ పక్కన ఎవరూ మిగలరు.

యూనిఫామ్ కూడా చూడండి. స్కర్టు వల్ల పరిగెత్తడానికి, గెంతడానికి సిగ్గుపడే అమ్మాయిలు ఉంటారు. ప్యాంటో, సల్వారో, లోపల షార్ట్సో వేసుకోవచ్చని స్కూలు స్పష్టంగా చెప్పాలి.

గొడవలు వస్తే ఏం చేయాలి?

ముందు అది గొడవా, ఆటా చూడండి. ఇద్దరు కిందపడి దొర్లుతున్నారనగానే విజిల్ ఊదకండి. ముఖాలు చూడండి. నవ్వుతున్నారా, ఒకసారి ఒకరు పైన, ఇంకోసారి మరొకరు పైన ఉంటున్నారా, విడిపోయినా మళ్లీ కలిసే ఆడుతున్నారా? అయితే అది ఆటే, గట్టి నేల మీద నుంచి మెత్తటి చోటుకు మార్చండి చాలు. ముఖం బిగిసిపోయి, పిడికిళ్లు బిగిసి, ఒకరు తప్పించుకోవాలని చూస్తూ, చుట్టూ గుంపు చేరుతుంటే అది గొడవ. గుంపు చేరడం అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు.

చిన్న తగాదాలు రోజూ వస్తాయి. ఔటా కాదా, తొండా కాదా, ఎవరి వంతు. వీటికి తీర్పు చెప్పకండి. మీరు తీర్పరి అయిన రోజు నుంచి ప్రతి తగాదా మీ దగ్గరికే వస్తుంది. మన పిల్లల ఆటల్లో దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునే అలవాటు ఎప్పటి నుంచో ఉంది కదా. అదే ఇక్కడా వాడండి. ఔటా కాదా తేలకపోతే పంటలు వేసుకోవాలి, ఎవరు పండితే వారి మాట, ఆట సాగాలి. అమెరికాలో 1996లో మొదలైన ప్లేవర్క్స్ అనే సంస్థ బ్రేక్‌లో ఇలాంటి తగాదాలకు రాయి-కాగితం-కత్తెర ఆటను వాడుతుంది. ఆ సంస్థ కార్యక్రమం మొత్తం పెట్టిన స్కూళ్లనూ పెట్టని స్కూళ్లనూ పోల్చి చూస్తే, పెట్టినచోట ఏడిపించడం, వెలివేయడం తగ్గాయని, బ్రేక్ తర్వాత పిల్లలు పాఠంలోకి త్వరగా వస్తున్నారని టీచర్లు చెప్పారు. పంటలు మన పిల్లలకు ఇంకా సులువు.

నిజంగా కొట్టుకుంటే బాల్ ఆపండి, ఇద్దరినీ దూరం చేయండి, గుంపును పంపేయండి. ఊపిరి కుదుటపడేదాకా ప్రశ్నలు వద్దు. ఆ తర్వాత ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి, మధ్యలో మాట్లాడకూడదు. "ఎవరు మొదలుపెట్టారు?" అని అడగకండి, దానికి ఎప్పుడూ రెండు జవాబులు వస్తాయి. "ఏం జరిగింది? ఇప్పుడు ఏం చేస్తే సరిపోతుంది?" అని అడగండి. సరిపోయేది ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి. చాలాసార్లు మనకు తోచే శిక్ష కన్నా వాళ్లు చెప్పేదే సబబుగా ఉంటుంది.

ఒకే పిల్లను, మళ్లీ మళ్లీ, తిరగబడలేని పిల్లను ఏడిపిస్తుంటే మాత్రం అది తగాదా కాదు, వేధింపు. అక్కడ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "సారీ చెప్పు, చేయి కలుపు" అనడం ఆ పిల్లకు రెండో దెబ్బ. తనను ఏడిపించినవాడి చేయి పట్టుకుని నవ్వమంటున్నాం. ఆమెతో విడిగా మాట్లాడండి, క్లాస్ టీచర్‌కు అదే రోజు రాసివ్వండి, తర్వాతి వారాల్లో ఆ పిల్ల చుట్టూ కన్నుంచండి. రంగు, బరువు, యాస, కులం, తండ్రి చేసే పని మీద మాటలు వినిపిస్తే, నవ్వుతూ అన్నా సరే, అక్కడికక్కడే ఆపాలి.

హోంవర్క్ చేయని పిల్లలకు, అల్లరి చేసినవాళ్లకు బ్రేక్ కట్ చేయొచ్చా?

వద్దు. ఈ పేజీలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ మాటమీదే.

బ్రేక్ పోగొట్టుకునే పిల్లలు ఎవరో ఒక నెల రాసి చూడండి. పదే పదే అవే నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. కుదురుగా కూర్చోలేని పిల్లలు, రాయడం కష్టమయ్యే పిల్లలు. అంటే అందరికన్నా కదలాల్సిన అవసరం ఎక్కువున్న పిల్లవాడిని మనం కదలనివ్వకుండా కూర్చోబెడుతున్నాం, తర్వాత పీరియడ్‌లో ఇంకా కదులుతున్నాడని తిడుతున్నాం. శిక్షగా గానీ, చదువు కోసం గానీ బ్రేక్ తీసేయకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2013లోనే స్పష్టంగా చెప్పింది. ఆడుకోవడం, విశ్రాంతి తీసుకోవడం పిల్లల హక్కులని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం అంటుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని నొప్పించే శిక్షలనూ, మనసును నొప్పించే వేధింపునూ రెండింటినీ నిషేధించింది. ఎండలో నిలబెట్టడం, గ్రౌండ్ చుట్టూ పరుగు పెట్టించడం కూడా ఆ నిషేధం కిందికే వస్తాయి. పైగా పరుగును శిక్షగా వాడితే పిల్లలకు పరుగంటేనే విసుగు పుడుతుంది.

మరి గ్రౌండ్‌లోనే ఒకడు మరొకడిని కొట్టాడు, ఏం చేయాలి? ఆయమ్మ పక్కన రెండు మూడు నిమిషాలు నడవమనండి. కూర్చోబెట్టి చిన్నబుచ్చకుండా, నడుస్తూ మాట్లాడుతూ చల్లబడనివ్వండి. తర్వాత ఆటలోకి పంపండి. మళ్లీ కొడితే ఆ రోజుకు వేరే ఆటలోకి మార్చండి. హోంవర్క్ సంగతి హోంవర్క్ వేళలో చూసుకోవాలి.

ఒక పిల్ల రోజూ ఒంటరిగా కూర్చుంటోంది. బలవంతంగా ఆడించాలా?

బలవంతం వద్దు, పట్టించుకోకుండా వదిలేయడమూ వద్దు. కొందరికి నిజంగానే పుస్తకమో, గచ్చకాయలో చాలు. అడిగితే నిమ్మళంగా చెబుతారు. మరికొందరు ఆటను చూస్తూ కూర్చుంటారు, కళ్లు అటే ఉంటాయి. వాళ్లకు ఎలా చేరాలో తెలియదు. "వెళ్లి ఆడుకో" అంటే కదలలేరు. ఆయమ్మ తనే చేయి పట్టుకుని ఆటలోకి వెళ్లి, "మేమిద్దరం ఒక మనిషి, చేర్చుకోండి" అంటే ఆ పిల్ల లోపల ఉన్నట్టే. కాసేపటికి ఆయమ్మ చేయి వదిలేయొచ్చు.

కొత్తగా చేరిన పిల్లలకు భాష కూడా అడ్డమే. అనంతపురం నుంచి వచ్చిన పిల్లకు కన్నడ రాదు, పక్క పిల్లకు హిందీ తప్ప రాదు. మాట అక్కర్లేని ఆటలు, అంటే తాడు ఆట, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ, ముందు పెట్టండి. "తెలుగువాళ్లు ఒకవైపు, కన్నడవాళ్లు ఒకవైపు" అని టీములు కట్టనివ్వకండి. చొక్కా రంగునో, పుట్టిన నెలనో బట్టి విడదీయండి.

చక్రాల కుర్చీలో ఉన్న బాబు, సరిగ్గా కనబడని పాప ఉన్నారు. వాళ్లను క్లాసులోనే ఉంచడం మంచిది కాదా?

కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆటల్లో, వినోదంలో మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలి. స్కోరు రాయమని పక్కన కూర్చోబెట్టడం అవకాశం ఇచ్చినట్టు కాదు. నియమం మార్చండి: బాబు బాల్‌ను ఒడిలో పెట్టుకుని గీత దాటితే పాయింట్, పాప ఆడే ఆటలో బాల్‌కు మువ్వలు కట్టండి. ఎలా మార్చాలో క్లాసు పిల్లలనే అడగండి, ఆ పిల్లలనూ అడగండి.

అన్నం ముందా, ఆట ముందా?

వీలైతే ఆట ముందు. బెల్ కొట్టగానే నాలుగు ముద్దలు గబగబా మింగి, డబ్బా మూసేసి గ్రౌండ్‌లోకి పరిగెత్తే పిల్లలను రోజూ చూస్తున్నాం. ముందు ఆడి, చేతులు కడుక్కుని, తర్వాత కూర్చుని తింటే ఆకలి బాగుంటుంది, డబ్బాలో తక్కువ మిగులుతుంది. ఇలా మార్చిన అమెరికా స్కూళ్లలో పారేసే తిండి తగ్గింది. ఆటలో వేడెక్కిన తగాదాలు కూడా తింటూ చల్లబడతాయి. చేతులు కడిగే చోట తోపులాట లేకుండా ఒక ఆయమ్మ ఉండాలి. పొద్దున సరిగ్గా తినకుండా వచ్చే చిన్నపిల్లలకు మాత్రం ఇంటర్వెల్‌లో ఏదైనా తినిపించాకే ఇది కుదురుతుంది.

ఎండాకాలం, వానాకాలం?

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆటకు అనుకూలమే. మార్చి, ఏప్రిల్‌లలో మధ్యాహ్నం బ్రేక్‌ను నీడలోకి మార్చండి, పరుగు ఆటలు పదిన్నర ఇంటర్వెల్‌లో పెట్టండి. కేరళ స్కూళ్లలో 2019లో వచ్చిన వాటర్ బెల్ పద్ధతి మంచిది: బెల్ కొడితే అందరూ నీళ్లు తాగాలి.

వాన రోజుకు ముందే ఏర్పాటు ఉండాలి. ప్రతి క్లాసుకూ ఒక పెట్టె: అష్టాచెమ్మా పటం, గచ్చకాయలు, తాళ్లు. తడి గ్రౌండ్ మీద పరుగు వద్దు, గ్రానైట్ వరండా మీద అసలే వద్దు.

దెబ్బ తగిలితే ఆయమ్మ ఏం చేయాలి?

గీసుకుపోతే నీళ్లతో కడగాలి. పసుపు, కాఫీపొడి పెట్టకూడదు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు, ముందుకు వంచి ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లకు వాంతి అయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏమీ లేకపోయినా ఆ రోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. శాశ్వత దంతం ఊడితే తెల్లటి వైపు పట్టుకుని పాలలో వేసి, గంటలోపు దంత వైద్యుడి దగ్గరికి. గేటు సందులోంచి వచ్చిన కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా. అంబులెన్స్ 108.

ఉబ్బసం ఉన్న పిల్లల జాబితా డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. స్కూలు చుట్టూ ఖాళీ సైట్లలో పెరిగే పార్థీనియం (వయ్యారిభామ) మొక్క పూతకొస్తే కొందరికి ఆయాసం పెరుగుతుంది. ఇన్హేలర్ ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉంచితే లాభం లేదు.

టాయిలెట్ల దారి, భద్రత గురించి కూడా శిక్షణలో ఉంటుందా?

ఉంటుంది. టాయిలెట్ల దారిలో, మెట్ల కింద, ఖాళీ క్లాసుల దగ్గర బ్రేక్ అంతసేపూ ఒకరి కన్ను ఉండాలి. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో తలుపు మూసిన గదిలో ఉండకూడదు. పిల్ల ఏదైనా చెబితే నమ్మి వినాలి, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం, అలాంటి సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, స్కూలు పరువు కోసం ఆగే వీలు లేదు. పిల్లల సహాయ నంబరు 1098.

బెల్ కొట్టాక క్లాసులోకి రావడానికి చాలాసేపు పడుతోంది.

రెండు బెల్‌లు కొట్టండి. మొదటిది ఆట ముగించడానికి, మూడు నిమిషాల తర్వాత రెండోది వరుస కట్టడానికి. క్లాస్ టీచర్ గ్రౌండ్‌లోకే వచ్చి పిల్లలను తీసుకెళ్లాలి.

ఖర్చెంత అవుతుంది?

మెత్తటి బాల్‌లు, తాళ్లు, చెక్క బిళ్ళలు, ముగ్గుపిండి, పెట్టె. వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు. అసలు ఖర్చు సిబ్బంది గంటలకు. వస్తువులు పోతాయని బీరువాలో దాచకండి. నాలుగో తరగతి పిల్లలకు వారానికొకరి చొప్పున పెట్టె బాధ్యత ఇవ్వండి, లెక్క వాళ్లే చూసుకుంటారు.

తల్లిదండ్రులు "ఆటలకు ఫీజు కట్టామా?" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఒక బ్రేక్‌కు పిలిచి చూపించండి. ఆడివచ్చిన పిల్లలు తర్వాతి పీరియడ్‌లో ఎలా కూర్చుంటున్నారో కూడా చూపించండి. మాసిన బట్టల గురించి, గీసుకుపోయిన మోకాళ్ల గురించి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

శిక్షణ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

శిక్షణకు ముందు ఒక వారం, మూడు నెలల తర్వాత ఒక వారం మూడు విషయాలు రాయండి. గ్రౌండ్‌లో ఒక చూపులో ఎంతమంది కదులుతున్నారు, ఎంతమంది నిలబడ్డారు, వాళ్లలో అమ్మాయిలెందరు. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో ఎన్ని పేర్లు చేరాయి. రెండో బెల్ తర్వాత పాఠం మొదలవడానికి ఎంతసేపు పట్టింది. మొదటి వారాల్లో చిన్న గీతలు, గాయాలు కాస్త పెరగొచ్చు, ఎందుకంటే అంతకుముందు కూర్చున్నవాళ్లు ఇప్పుడు పరిగెత్తుతున్నారు. దానికి కంగారుపడి ఆటలు ఆపేయకండి.

శిక్షణ తీసుకున్న ఆయమ్మ మానేస్తే?

మానేస్తారు, అది జరిగేదే. కొత్తగా వచ్చిన ఆయమ్మ మొదటి వారం ఒంటరిగా డ్యూటీ చేయకూడదు, పాత ఆయమ్మ పక్కనే నడవాలి. ఏ మూలలో ఏం జరుగుతుందో, ఏ పిల్లకు ఉబ్బసమో, ఎవరిని ఎవరు ఏడిపిస్తారో పాత ఆయమ్మే చెబుతుంది. అలా నేర్పినందుకు ఆ నెల జీతంలో కొంత కలిపి ఇవ్వండి. వేసవి సెలవుల తర్వాత స్కూలు తెరిచే ముందు రోజు అందరితో ఒక పూట గ్రౌండ్‌లో మళ్లీ ఆడించండి.